జాలీ మీద బస్తా

గెరిట్ హేవర్‌క్యాంప్ ఆ శనివారం పొద్దున టీవీ ముందు కూర్చుని గుడ్డట్టు తింటూ, తన గురించి తనకే తెలియని సంగతులు తెలుసుకున్నాడు.

తెర మీద ఉన్నది తనే. కాకపోతే రంగు పోయింది. బూడిద పూసినట్టున్న ముఖంతో ఒక మురుగుకాలవ గట్టున నిలబడి, మెల్లగా, మరీ మెల్లగా నవ్వుతున్నాడు. నిజానికి అది మనవరాలు కాలుజారి బురదలో చతికిలబడితే వచ్చిన నవ్వు. దాన్ని అంతలా సాగదీసేసరికి ఎవరి పీకో నొక్కబోయేవాడి నవ్వులా తయారైంది. వెనకాల ఏదో తీగవాద్యం గీరుతోంది. చావు కబుర్లు చెప్పడానికే పుట్టినట్టున్న ఒక మగ గొంతు మాటమాటకీ ఆగుతూ అడిగింది.

"పదహారేళ్లుగా... గెరిట్ హేవర్‌క్యాంప్... మన కాళ్ల కింద... ఏం దాస్తున్నాడు?"

"గొట్టాలు," అన్నాడు గెరిట్ టీవీతో.

"నీ మేజోళ్లు ఎక్కడున్నాయో నీకే తెలీదు. ఇంకేం దాస్తావులే నువ్వు," అంది వంటగదిలోంచి అతని భార్య నెల్డా.

గెరిట్ వెస్టర్‌బీక్ కౌంటీకి డ్రెయిన్ కమిషనర్. వాన కురిస్తే ఆ నీళ్లు ఎటు పోవాలో చూడటం అతని పని. మిషిగన్‌లో ఆ పనికీ నాలుగేళ్లకోసారి ఓట్లేస్తారు. ఆ కౌంటీలో సగం ఒకప్పుడు చిత్తడి నేల. హాలండ్ నుంచి వచ్చిన ముత్తాతలు కాలవలు తవ్వి, గొట్టాలు పాతి, దాన్ని ఆరబెట్టారు. ఆరబెట్టాక ఆ సంగతి హాయిగా మర్చిపోయారు. ఈ ఉద్యోగంలో ఉన్న చిక్కంతా అక్కడే ఉంది. పని బాగా చేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగకపోతే ఆ పని చేసేదెవరో ఎవరికీ పట్టదు. గెరిట్‌ని మంగలి షాపులో ఇప్పటికీ బడి బస్సు డ్రైవరనే అనుకుంటారు. అతను దానికి నొచ్చుకోలేదు సరికదా, అదే తనకిచ్చిన బిరుదనుకున్నాడు. వసంతకాలం రాగానే రబ్బరు బూట్లు తొడుక్కుని కాలవల వెంట నడవడం, గొట్టం మూతి దగ్గర చెవి పెట్టి నీళ్ల చప్పుడు వినడం, ఇంతకు మించి అతనికి వేరే సుఖం తెలియదు. ఆ కుర్చీ పోతే మిగతా జీవితం ఏం చేసుకోవాలో కూడా తెలియదు.

అతని మీద పోటీకి దిగిన కిర్స్టిన్ ప్లాగమార్స్ ఇళ్లు అమ్మిపెడుతుంది. ఆమెకి కాలవల గురించి తెలిసింది తక్కువ, మనుషుల గురించి తెలిసింది చాలా ఎక్కువ. ఇల్లు ఎంత బాగుందో చెబితే కొనేవాడు ఆలోచిస్తాడు, ఇంకొకడు కొనేసేలా ఉన్నాడని చెబితే సంతకం పెడతాడు. ఆ విద్యే ఆమె ఇప్పుడు కాలవల మీద ప్రయోగిస్తోంది.

మర్నాడు ఆదివారం చర్చిలో గెరిట్ పక్కనుంచి నడిచి వెళ్తుంటే నలుగురైదుగురు తమ కాళ్ల కిందికి చూసుకున్నారు. అలవాటుగా పిప్పరమెంటు చేతికిచ్చే ముసలాయన, ఆ రోజు డబ్బా మూత తియ్యలేదు.

ఆదివారం భోజనం ఎప్పుడూ చెల్లెలు ఆర్లీన్ ఇంట్లోనే. ఆర్లీన్ మొగుడు రస్ టైన్‌స్ట్రాకి బేస్‌మెంట్‌లో నీళ్లూరకుండా చేసే వ్యాపారం ఉంది. గోడలకి పూత పూస్తాడు, నీళ్లు తోడే మోటార్లు బిగిస్తాడు. కౌంటీ మొత్తానికీ ఎత్తైన దిబ్బ చూసుకుని దాని మీద ఇల్లు కట్టుకున్నాడు. ఈ మధ్య ఇంకో పని కూడా పెట్టుకున్నాడు. "పొడి ఇళ్ల పౌర సంఘం" అని ఒకటి స్థాపించి, బావమరిది గెరిట్ గెలుపు కోసం విడిగా ఖర్చు పెడుతున్నాడు.

విడిగా అంటే నిజంగానే విడిగా. ఇలాంటి బయటి సంఘంతో అభ్యర్థి ప్రచారం గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడకూడదు. అది చట్టం. కౌంటీ కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన ఆర్లీన్, ఆ చట్టాన్ని తన భోజనాల బల్ల మీద తు.చ. తప్పకుండా అమలు చేస్తోంది.

"ఆ టీవీలో వచ్చింది చూశావా, బావా?" అన్నాడు రస్ మాంసం కోస్తూ.

"రస్!" అంది ఆర్లీన్.

"నేను ఫుట్‌బాల్ సంగతి అడిగాను."

"నువ్వు ఫుట్‌బాల్ చూడవు. గ్రేవీ ఇటివ్వు."

గెరిట్‌కి నోరు విప్పాలని ప్రాణం కొట్టుకుంది. నన్ను కాపాడు బావా అని ఒక్క మాట అనాలనిపించింది. ఆ మాట అనకుండా బంగాళాదుంపల ముద్ద మింగి, ఇంటికెళ్లి ఒక వీడియో తీయించుకున్నాడు.

ఈ వీడియోల సంగతి అందరికీ తెలిసిందే. అభ్యర్థి సంఘంతో మాట్లాడకూడదు గానీ, తన వెబ్‌సైట్లో ఏ బొమ్మ పెట్టుకున్నా అడిగేవాడు లేడు. అందుకని ప్రతి అభ్యర్థీ మాటల్లేని వీడియోలు పెడతాడు. కాఫీ తాగుతూ నవ్వుతాడు, ఎటో దూరంగా వేలు చూపిస్తాడు, ముసలివాళ్ల భుజం మీద చెయ్యేస్తాడు, అన్నీ మూగగానే. ఆ మూగ వీడియోని బయటి సంఘం ఏరుకుని గొంతు తగిలిస్తుంది. అయినవాళ్లు తీసుకుంటే రంగు ఉంచుతారు, కానివాళ్లు తీసుకుంటే రంగు తీసేస్తారు. మాట్లాడుకోలేదు కాబట్టి తప్పెవరిదీ కాదు.

మొదటి వీడియోలో గెరిట్ నవ్వాడు. దాన్ని ప్లాగమార్స్ వాళ్లు ఎత్తుకుపోయారు. ఈసారి అతను కాలవలో పారే నీళ్లకేసి చూస్తూ కనుబొమలు ముడిచాడు. తర్వాత తల ఎత్తి ఆకాశంకేసి చూశాడు. పెదవి కొరికాడు. అలా చెయ్యమని నెల్డా చెప్పలేదు, ఆమె ఫోను పట్టుకుందంతే.

"ఎందుకంత మొహం వేలాడేశావు? కాలవ బాగానే ఉందిగా," అంది.

"వెలుతురు కళ్లలో పడుతోంది," అన్నాడు గెరిట్.

వారం తిరక్కుండా రస్ సంఘం ప్రకటన టీవీలోకి వచ్చింది. ఏదో వీధి. చీకటి. రోడ్డు పక్కన వాననీళ్లు దిగే ఇనప జాలీ. అందులోంచి నల్లటి నీళ్లు బుడబుడమంటూ పైకి తన్నుకొస్తున్నాయి. ఒక పాప బొమ్మ వాటిలో తేలుతూ పోతోంది. దూరంగా వీధి చివర రెండు కొబ్బరిచెట్లు ఊగుతున్నాయి. మంచు కురిసే మిషిగన్‌లో కొబ్బరిచెట్లేమిటని ఎవడూ అడగలేదు. బొమ్మ కొట్టుకుపోతుంటే చెట్లకేసి చూసేదెవరు? ఆ తర్వాత రంగుల్లో గెరిట్ వచ్చాడు, కనుబొమలు ముడిచి. గొంతు అంది, "అది వస్తోంది... కింద నుంచి. దానికీ మీ ఇంటికీ మధ్య... ఉన్నది ఒక్క మనిషి."

గొంతు అదే. ప్లాగమార్స్ ప్రకటనలో వినిపించిన గొంతే. ఆ గొంతు గల పెద్దమనిషి ఎక్కడో చికాగోలో కూర్చుని ఎవరు పిలిస్తే వాళ్లకి చదువుతాడట. పొద్దున గెరిట్‌ని చూసి భయపడమంటాడు, సాయంత్రం గెరిట్ లేకపోతే భయపడమంటాడు. ఆయనకి ఏ పక్షపాతమూ లేదు.

గెరిట్ చెంచా కింద పడేశాడు. "జాలీలోంచి నీళ్లు కిందికి పోతాయి నెల్డా, పైకి రావు! ఈ కౌంటీలో ఒక్కసారి, ఒక్క జాలీలోంచి, ఒక్క చుక్క పైకి రాలేదు. అలా రాకుండా చూడటమే కదా నేను చేసే పని!"

"మరి రస్‌తో చెప్పు."

"చెప్పకూడదుగా."

"హమ్మయ్య," అంది నెల్డా. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని అతను కాస్త ఆలోచించాడు.

చెప్పకూడదు కాబట్టి చూపిద్దామనుకున్నాడు. ఇంకో మూగ వీడియో తీయించాడు. కెమెరాకేసి సూటిగా చూస్తూ, చూపుడువేలు అడ్డంగా ఊపుతూ, తల అటూ ఇటూ ఆడించాడు. వద్దు, ఇక ఆపు అని దాని అర్థం. పసిపిల్లలకి కూడా అర్థమవుతుంది. రస్‌కి మాత్రం అందులో బంగారం కనిపించింది. రెండు రోజుల్లో కొత్త ప్రకటన. జాలీలోంచి నీళ్లు పైకి లేస్తాయి. గెరిట్ వేలు ఊపుతాడు. నీళ్లు బుద్ధిగా వెనక్కి దిగిపోతాయి. ఆ మరుసటి రోజు ప్లాగమార్స్ వాళ్లు అదే వేలిని బూడిదరంగులో చూపించారు. "ప్రశ్న అడిగితే... హేవర్‌క్యాంప్ ఇచ్చే జవాబు... ఇదీ."

ఆదివారం భోజనాల దగ్గర గెరిట్ ఇంక ఉండబట్టలేక అన్నాడు, "ఆర్లీన్, నీ గ్రేవీ మరీ పొంగిపొర్లుతోందమ్మా. కాస్త తగ్గిస్తే బాగుంటుందేమో."

రస్ కత్తి ఆపి ఆసక్తిగా చూశాడు.

"అన్నయ్యా, అది గ్రేవీ గురించి కాదని నాకు తెలుసు," అంది ఆర్లీన్. "ఎన్నికయ్యాక మాట్లాడుకోండి ఇద్దరూ. అంతవరకూ తిండి గురించి కూడా మాట్లాడొద్దు."

దాంతో ఆ బల్ల మీద మాట్లాడుకోవడానికి వాతావరణం ఒక్కటే మిగిలింది. కాలవల కమిషనరూ మోటార్ల వ్యాపారీ వాతావరణం గురించి మాట్లాడుకుంటే అది కూడా ప్రచారమేనేమోనని అదీ మానేశారు.

అప్పుడు జరిగింది గెరిట్ ఊహించనిది. సామాన్ల దుకాణంలో ఎవరో పెద్దాయన వచ్చి అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. "నువ్వున్నావు కాబట్టి నిద్రపోతున్నాం నాయనా," అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. మంగలి షాపులో అతన్ని పేరు పెట్టి పిలిచి, ముందు అతనికే కుర్చీ ఇచ్చారు. ఇళ్ల ముందు గడ్డిలో అతని పేరున్న బోర్డులు మొలిచాయి. చర్చిలో ముసలాయన డబ్బా మూత తీసి ఒకటి కాదు, రెండు పిప్పరమెంట్లు ఇచ్చాడు. పదహారేళ్లు పని చేసినా అందని ప్రేమ ఇది. అబద్ధం వల్ల అందిందని అతనికి తెలుసు. తెలిసినా తియ్యగానే ఉంది, దాచడమెందుకు.

"ఎన్నిక కానియ్యి," అనేవాడు నెల్డాతో. "మర్నాడే రస్‌ని నిలబెట్టి కడిగేస్తాను. కొబ్బరిచెట్ల దగ్గర్నుంచి మొదలుపెడతాను." కారు నడుపుతూ ఆ తిట్లు వల్లెవేసుకునేవాడు. జనాన్ని భయపెట్టి బతకడం ఓ బతుకా బావా, నా పేరు అడ్డం పెట్టుకుని మోటార్లు అమ్ముకుంటావా, అని ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడు పైకే అనేసేవాడు. పక్క కార్లో వాళ్లు అతన్ని గుర్తుపట్టి, వేలు ఊపి నవ్వేవారు.

మోటార్ల మాట నిజమే. రస్ దుకాణం ముందు జనం బారులు తీరారు. మోటారు కొన్నవాళ్లకీ కొననివాళ్లకీ కూడా రస్ ఇసుక బస్తాలు ఊరికే పంచాడు. బస్తా మీద దుకాణం పేరు మాత్రం పెద్దక్షరాల్లో ఉంది.

ఆ బస్తాలు ఎక్కడికి చేరాయో గెరిట్ ఒక మధ్యాహ్నం ఆల్డర్ వీధిలో చూశాడు. కౌంటీలో అన్నిటికన్నా పల్లంలో ఉన్న వీధి అది. రోడ్డుకి రెండు పక్కలా, ప్రతి జాలీ మీదా, పొందిగ్గా, చక్కగా, బస్తాలు పేర్చి ఉన్నాయి. కొందరు కింద ప్లాస్టిక్ గుడ్డ పరిచారు. ఒకాయన చెక్క పెట్టి దాని మీద ఇటుకలు పెట్టాడు. హాలోవీన్ దగ్గరికొచ్చింది కాబట్టి ఒకావిడ బస్తాల మీద కళ్లూ పళ్లూ చెక్కిన గుమ్మడికాయ కూడా అలంకరించింది. నీళ్లు పైకి రాకుండా అందరూ కలిసి, నీళ్లు కిందికి పోయే దారి మూసేశారు.

గెరిట్ ట్రక్కులోంచి దిగి ఒక బస్తా మీద చెయ్యేశాడో లేదో, ఇంటి వరండాలోంచి కేక వినిపించింది. "ఎవరయ్యా అది! ఓ, నువ్వా గెరిట్! చూశావా, మేమంతా నీ మాట విన్నాం!" ఇంకో ఇద్దరు చప్పట్లు కొట్టారు. అతను బస్తాని సర్దుతున్నట్టు నటించి, చెయ్యి ఊపి, ట్రక్కు ఎక్కేశాడు.

ఆఫీసుకి వెళ్లి, జాలీలు ముయ్యకండి, వాటిలోంచి నీళ్లు పైకి రావు, అని ప్రకటన రాశాడు. రెండు వాక్యాలే. రాసినదాన్ని చాలాసేపు చూశాడు. ఇది పేపర్లో వస్తే రస్ చెప్పింది అబద్ధమని తనే ఒప్పుకున్నట్టు. అప్పుడు బోర్డులు పీకేస్తారు, డబ్బా మూత మూసుకుంటుంది, కుర్చీ ప్లాగమార్స్‌కి పోతుంది. ఆమెకి ఏ గొట్టం ఎటు పోతుందో కూడా తెలియదు. తను లేకపోతే కౌంటీ ఏమైపోతుంది? ఈ ఆఖరి మాట అచ్చం టీవీలో గొంతు అన్నట్టే ఉందని అతనికి ఆ క్షణాన తట్టలేదు. ఎన్నిక ఇంకో వారమే కదా, వాన పడకపోతే ఏ గొడవా లేదు, అనుకుని కాగితం సొరుగులో పెట్టాడు. సిగ్గుపడాల్సిన పని అది. సిగ్గుపడుతూనే చేశాడు.

ఎన్నిక ముందు గురువారం వాన పడింది.

ప్రళయమేమీ కాదు. ఏటా ఆకులు రాలే రోజుల్లో పడే మామూలు ముసురు. మామూలుగా అయితే ఆల్డర్ వీధి దాన్ని మింగేసి ఊరుకునేది. ఈసారి మింగడానికి నోరు లేదు. పైగా భయంతో కొన్న కొత్త మోటార్లన్నీ ఒక్కసారిగా తిరిగి, ఇళ్ల కింద ఊరిన కాసిన్ని నీళ్లనీ తోడి తోడి అదే వీధిలోకి కుమ్మరించాయి. పదకొండు గంటలకి చీలమండ లోతు. భోజనాల వేళకి పిక్కల లోతు. గుమ్మడికాయ ఒకటి పళ్లికిలించుకుంటూ రోడ్డు మధ్యన తేలుతూ వెళ్లింది.

గెరిట్ రబ్బరు బూట్లు తొడుక్కుని నీళ్లలో పడి నడిచాడు. వీధి మధ్యలో అన్నిటికన్నా పెద్ద జాలీ ఉంది. అది తెరిస్తే చాలు, మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి. ఆ జాలీ మీద నాలుగు బస్తాలు, బస్తాల మీద మడతకుర్చీ, కుర్చీలో కార్నీలియా బోల్ట్‌హౌస్. ఎనభై దాటిన మనిషి, ఆదివారం బడిలో గెరిట్‌కి పాటలు నేర్పిన టీచరు. గొడుగేసుకుని, ఒళ్లో దుప్పటి పెట్టుకుని కూర్చుంది. వెనక ఆమె గడ్డిలో గెరిట్ బోర్డు సగం మునిగి ఉంది.

"టీచర్‌గారూ, కాస్త లేవండి. జాలీ తెరవాలి," అన్నాడు.

"తెరుస్తావా? నీకేమన్నా పిచ్చా అబ్బాయ్? మూసి ఉంచితేనే ఇంత వచ్చింది. తెరిస్తే ఇంకెంత తన్నుకొస్తుందో!"

"ఇది కింద నుంచి వచ్చింది కాదండీ. పైనుంచి పడింది. వాన."

"వాన నాకు తెలీదా? ఎనభై ఏళ్లుగా చూస్తున్నాను. వానకి ఎప్పుడన్నా వీధి ఇలా అయిందా?"

"కాలేదు. ఎందుకంటే జాలీలు ఎప్పుడూ తెరిచి ఉండేవి."

"కాదు. ఎందుకంటే అది ఇప్పటిదాకా రాలేదు. ఇప్పుడొస్తోంది. నువ్వే కదయ్యా టీవీలో చెప్పావు?"

"నేను చెప్పలేదండీ. అది ఎవరిదో గొంతు."

"వేలు ఎవరిది?"

చుట్టూ వరండాల్లో జనం నిలబడి చూస్తున్నారు. కొందరు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. గెరిట్ గొంతు పెంచి అందరికీ వినపడేలా చెప్పాడు. ఆ ప్రకటనలో ఉన్నది మన వీధి కాదు. అక్కడ కొబ్బరిచెట్లున్నాయి, చూసుకోండి. జాలీలోంచి నీళ్లు పైకి రావు. బస్తాలు తీసేయండి. అంతా ఉత్త భయం.

ఎవరూ కదల్లేదు. "పాపం, ఎవరో బెదిరించినట్టున్నారు," అన్నాడొకాయన. "ప్లాగమార్స్ మనుషులై ఉంటారు," అంది ఇంకొకామె.

కార్నీలియా అతని చెయ్యి పట్టుకుంది. "నా ఓటు నీకే గెరిట్. ఎప్పుడో పోస్టులో పంపేశాను. కానీ నన్ను లేపకు నాయనా. నాకు నిజంగా భయంగా ఉంది," అంది.

ఆ భయం తన వల్లనేనని గెరిట్‌కి తెలుసు. ఆమెని చూస్తే ఏడుపొచ్చింది. నీళ్లు అప్పటికి ఆమె ఇంటి మెట్టు ఎక్కేశాయి. నిజం చెప్పి చూశాడు, పని చెయ్యలేదు. మనిషిని ఎత్తి పక్కన పెట్టలేడు. ఏం చెయ్యాలో తోచక వంగి, ఆమె చెవి దగ్గర మొదలుపెట్టాడు. మొదలుపెట్టాక గొంతు దానంతటదే కిందికి దిగింది.

"టీచర్‌గారూ. ఇంకో అరగంటలో... ఈ నీళ్లు... మీ బేస్‌మెంట్ కిటికీ దాటుతాయి. అక్కడ... కరెంటు పెట్టె ఉంది. ఆ తర్వాత... ఈ వీధిలో... దీపం పెట్టడానికి... ఎవరు మిగులుతారు?"

ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాడు. ఎవరూ నేర్పలేదు, వినీ వినీ వచ్చేసింది.

కార్నీలియా కుర్చీతో సహా లేచింది. ఎనభై ఏళ్ల మనిషి అంత వేగంగా కదలడం ఆ వీధి ఎన్నడూ చూడలేదు. "తియ్యండర్రా బస్తాలు!" అని ఆమె వేసిన కేకకి వరండాలన్నీ ఖాళీ అయ్యాయి. ఎవరి జాలీ మీది బస్తాలు వాళ్లు, గుమ్మడికాయలతో సహా లాగేశారు. నీళ్లు గుడగుడమంటూ సుడి తిరిగి, కిందికి, ఎప్పుడూ పోయే చోటికే పోయాయి. కాసేపటికి రోడ్డు కనబడింది, రోడ్డు మీద ఆకులు కనబడ్డాయి. జనం అతన్ని భుజాల మీదికి ఎత్తుకోబోయారు గానీ, బూట్ల నిండా నీళ్లుండి ఎత్తలేకపోయారు.

మర్నాటికి ఆ ఫోను వీడియో టీవీలో ఉంది. "అది వచ్చింది... అతను ఆపాడు." అందులో బస్తాలు కనబడకుండా కత్తిరించారు. ప్లాగమార్స్ వాళ్లు అదే వీడియోని బూడిదరంగులో వేశారు. "అది వచ్చింది... అతనుండగానే." గొంతు ఒకటే.

గెరిట్ ముందెన్నడూ లేనంత ఆధిక్యంతో గెలిచాడు. చర్చి హాల్లో హామ్ బన్నులు పంచారు. ఆల్డర్ వీధి నుంచి కార్నీలియా కేకు పంపింది, దాని మీద క్రీముతో ఒక వేలు బొమ్మ వేసి. రస్ దూరంగా నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. గెరిట్ అతనికేసి చూసి, ఆదివారం చెప్తా నీ సంగతి, అన్నట్టు తలాడించాడు. రస్ దాన్ని కృతజ్ఞత అనుకున్నాడు.

ఆదివారం పొద్దుటినుంచి మళ్లీ ముసురు. చర్చిలో ప్రార్థన నడుస్తుండగా కప్పు మీద వాన హోరు పెరిగింది. పాస్టరు గొంతు వినబడటం మానేసింది. అప్పుడు ముందు వరసలోంచి ఒక తల వెనక్కి తిరిగింది, తర్వాత ఇంకొకటి, ఆ తర్వాత బెంచీలు బెంచీలే తిరిగాయి. అందరూ గెరిట్‌కేసి చూస్తున్నారు. పిప్పరమెంటు ముసలాయన చూస్తున్నాడు, కార్నీలియా చూస్తోంది. దేవుడి ఇంట్లో దేవుణ్ణి వదిలేసి, కాలవల కమిషనర్ని చూస్తున్నారు. ఆపుతావు కదూ అని అడుగుతున్నాయి ఆ కళ్లు. ఏమీ లేదు, మామూలు వాన, అని అతను చెప్పలేడు. చెప్పినా నమ్మరు. అంతమంది ఒక్కసారి అలా చూసేసరికి, వీళ్లందరికీ తెలిసింది తనకొక్కడికే తెలియదేమో అని గెరిట్‌కి అనిపించింది.

భోజనానికి వెళ్లేముందు ఇంటికి పోయి, కోటు విప్పకుండానే బేస్‌మెంట్‌లోకి దిగాడు. ఒంగి నేల మీద అరచెయ్యి ఆన్చాడు. పొడిగా ఉంది. పైకొచ్చాడు. తాళాలు తీసుకుని, మళ్లీ దిగి, ఈసారి మూలన చూశాడు. అక్కడా పొడిగానే ఉంది.

"ఏం వెతుకుతున్నావు కింద?" అంది నెల్డా.

"మేజోళ్లు," అన్నాడు.

దిబ్బ మీద రస్ ఇంట్లో మాంసం, బంగాళాదుంపలు, బీన్స్, అన్నీ బల్ల మీదికి వచ్చాయి. ఆర్లీన్ చేతులు తుడుచుకుని కూర్చుంది.

"సరే," అంది. "ఎన్నిక అయిపోయింది, చట్టం అయిపోయింది. ఇద్దరూ కడుపులో ఉన్నవన్నీ కక్కేసుకోండి. ప్లేట్లు మాత్రం పగలగొట్టకండి."

రస్ దోషిలా తలొంచుకున్నాడు. నెల్డా మొగుడికేసి చూసింది. వారాల తరబడి కార్లో వల్లెవేసిన తిట్లన్నీ ఆమెకి కంఠతా వచ్చు. కొబ్బరిచెట్లతో మొదలవ్వాలి. గెరిట్ గొంతు సవరించుకున్నాడు. కిటికీ అద్దం మీద వాన గట్టిగా కొట్టింది. అతను ఒకసారి అటు చూశాడు.

"బావా," అన్నాడు. "ఆ మోటారు... చిన్నది చాలు. రేపు వచ్చి బిగించడానికి కుదురుతుందా?"

ఆర్లీన్ చేతిలో గరిటె ఆగిపోయింది. నెల్డా రుమాలు ఒళ్లో పరుచుకుని, పరిచినదాన్నే మళ్లీ పరుచుకుంది.

రస్ బావమరిది మొహంకేసి చూడకుండా, ప్లేట్లో బీన్స్ అటూ ఇటూ జరిపాడు.

"రేపు కుదరదు బావా," అన్నాడు. "సరుకు మళ్లీ వచ్చేసరికి రెండు వారాలు పడుతుంది. మిగిలిన ఆఖరి రెండూ మొన్న మా ఇంట్లోనే పెట్టించేశాను."